కొట్టూ కుటుంబమూ: ఇంటి మనిషి పనికి ఖరీదెంత?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక సలహా రాశాను. కుటుంబం నడుపుకునే వ్యాపారంలో నిజంగా లాభం మిగులుతోందో లేదో తెలియాలంటే, పనిచేస్తున్న ఇంటి వాళ్ళందరికీ ముందు జీతం రాసి చూడండి అని. దాని మీద వచ్చిన ఉత్తరాల కట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కొందరికి కోపం వచ్చింది. "అన్నదమ్ముల మధ్య జీతాలేమిటండీ, మేమేమైనా కూలికి వచ్చామా?" అని నర్సాపురం నుంచి ఒక పెద్దాయన అడిగారు. వాళ్ళను పనివాళ్ళ వరసలో కట్టాలని నా ఉద్దేశం కాదు. వాళ్ళు చేసే పని విలువ ఇంట్లో వాళ్ళకే తెలియకుండా పోతోందన్నది నా బాధ. కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. ఊళ్ళు ఉంచి మనుషుల పేర్లు తీసేశాను.

చీరాల నుంచి ఒక పాఠకురాలు:

"మేడమ్, మాది మామగారి కాలం నుంచి ఉన్న బట్టల కొట్టు. సొంత బిల్డింగు. మామగారు, మావారు, మరిది భాగస్వాములు. సరుకులో సుమారు 40 లక్షల సొంత డబ్బుంది. నేను ఎం.కాం. చదివాను, పెళ్ళికి ముందు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. ఇప్పుడు కొట్టు బిల్లింగ్, జీఎస్టీ రిటర్నులు, మిల్లుల వాళ్ళకు చెల్లింపులు అన్నీ నేనే చూస్తాను. పోయిన ఏడాది 14 లక్షల లాభం తేలింది. అందరూ సంతోషించారు. నా పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. జీతం అడగాలంటే సిగ్గు, అడగకపోతే బాధ. ఇంటి వాళ్ళం ఇంతమందిమి చేస్తున్నాం కాబట్టే కొట్టు నిలబడింది అంటారు మామగారు. నిజమేనా?"

అమ్మా, మీ మామగారి మాట సగం నిజం. మిగతా సగం తేలాలంటే ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీవారి చోట, మీ మరిది చోట అనుభవమున్న మనుషుల్ని పెడితే తలా 30 వేలు ఇవ్వాలనుకుందాం. ఏడాదికి ఇద్దరికీ 7 లక్షల 20 వేలు. మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నందుకు నెలకు 15 వేలు వేయండి, అది 1 లక్షా 80 వేలు. మీరు చేసే పనికి అకౌంటెంటును పెడితే నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. బిల్డింగు బయటివాళ్ళకు ఇస్తే నెలకు 25 వేలు వస్తుందనుకున్నా మరో 3 లక్షలు. సరుకులో ఉన్న 40 లక్షలు బ్యాంకులో డిపాజిట్ వేసుకుంటే 7 శాతం లెక్కన 2 లక్షల 80 వేలు. అంతా కూడితే 17 లక్షల 80 వేలు. పుస్తకం చూపించే లాభం 14 లక్షలు. అంటే మీ కుటుంబమే ఏడాదికి 3 లక్షల 80 వేలు కొట్టుకు ఎదురు ఇస్తోంది. మీ ఊరి రేట్లు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇది చూసి కొట్టు మూసేయమని నేను అనను. కుటుంబం ఇచ్చే బలం అక్కడే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో వేసవి పెళ్ళిళ్ళ సీజను మొత్తం కొట్టుకుపోయింది. అద్దె కట్టి, జీతాలిచ్చి నడిపే వాళ్ళు నెల తిరిగేసరికి చేతులెత్తేసిన చోట, ఇంటి వాళ్ళే నడుపుకునే కొట్లు ఎన్నో తట్టుకుని నిలబడటం నేను దగ్గరుండి చూశాను. జీతం అడిగేవాళ్ళు లేరు, అద్దె అడిగేవాళ్ళు లేరు, పెట్టుబడి వెనక్కి లాక్కునేవాళ్ళు లేరు. ఈ ఓర్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. మీ మామగారు చెప్పిన సగం నిజం ఇది.

అయితే ఆ ఎదురు ఇచ్చేది ఎవరు? విజయవాడ వన్‌టౌన్‌లో ఆడిటు చేసిన రోజుల్లో కొట్లో మగవాళ్ళు నాకు ఒక పుస్తకం చూపించేవాళ్ళు. మంచినీళ్ళకని లోపలికి వెళితే ఆడవాళ్ళు ఇంకో లెక్క చెప్పేవాళ్ళు. శ్రావణ మాసం సరుకు దింపడానికి పెద్దకోడలి నగలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు పుస్తకంలో భర్త పెట్టుబడిగా జమ అయ్యేది. నగలు విడిపించింది ఎవరి డబ్బుతో, మధ్యలో వడ్డీ కట్టింది ఎవరు, ఇవేవీ రాసి ఉండేవి కావు. పది, పదిహేనేళ్ళ తర్వాత పంపకాలు వచ్చినప్పుడు ఆ కోడలు ఇచ్చినదాన్ని రుజువు చేసే కాగితం ముక్క ఒక్కటీ దొరికేది కాదు. నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల అందుకే. మీ నగలు ఎప్పుడైనా కొట్టు కోసం పెట్టి ఉంటే, ఈ మార్చిలోపే ఆ మొత్తం మీ పేరున అప్పుగా, వడ్డీతో సహా పుస్తకంలో ఎక్కించండి. పుస్తకం రాసేది మీరే కదా.

జీతం సంగతి. "నాకు జీతం ఇవ్వండి" అని మొదలుపెట్టకండి, అది ఇంట్లో వేరే రకంగా వినబడుతుంది. పైన వేసిన లెక్క కాగితం మామగారి ముందు పెట్టండి. నలభై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషి, అంకె చూడగానే ఆయనకే తెలుస్తుంది. ఒక పన్ను విషయం కూడా గుర్తుంచుకోండి. భర్త భాగస్వామిగా ఉన్న సంస్థ నుంచి భార్య తీసుకునే జీతాన్ని భర్త ఆదాయంలో కలిపి పన్ను వేసే నియమం ఒకటుంది. వృత్తి చదువు, అనుభవం ఆధారంగా వచ్చే జీతమైతే మినహాయింపు ఉంది. మీ ఎం.కాం. సర్టిఫికెట్టు, పాత ఆఫీసు ఇచ్చిన అనుభవ పత్రం ఫైల్లో పెట్టి మీ ఆడిటరుతో మాట్లాడండి. జీతం చేతికి తీసుకోవద్దు, బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి.

తాడేపల్లిగూడెం నుంచి ఒక రైసుమిల్లు యజమాని:

"నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చదువయ్యాక మిల్లుకే వచ్చాడు గానీ మనసు పెట్టడు. చిన్నవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మిల్లు భారమంతా ఇరవై ఏళ్ళుగా ఉన్న మేనేజరే మోస్తున్నాడు. నాకు అరవై ఎనిమిది. పెద్దకొడుకు ఉండగా బయటి మనిషికి అప్పగిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

అయ్యా, నలుగురి సంగతి తర్వాత. డెన్మార్క్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి మీకు చెప్పాలి. మోర్టెన్ బెన్నెడ్సెన్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు కలిసి 2007లో దాన్ని అచ్చువేశారు. అక్కడి కంపెనీల్లో పెద్ద కుర్చీ, అంటే సీఈఓ పదవి, చేతులు మారిన సందర్భాలు ఐదు వేలకు పైగా పరిశీలించారు. కుర్చీ కుటుంబం వాళ్ళకు వెళ్ళిన చోట, బయటి మనిషికి వెళ్ళిన చోట ఆ తర్వాత లాభం ఎలా ఉందో చూడాలి. కానీ అందులో ఒక చిక్కుంది. కంపెనీ పరిస్థితిని బట్టే కుటుంబాలు నిర్ణయం తీసుకుని ఉండవచ్చు కదా? దానికి వాళ్ళు వేసిన ఎత్తు నాకు భలే నచ్చింది. యజమానికి తొలి సంతానం మగపిల్లాడైతే కుర్చీ ఇంట్లోనే ఉండిపోయే అవకాశం ఎక్కువని లెక్కల్లో తేలింది. మొదటి బిడ్డ ఆడా మగా అన్నది కంపెనీ మంచిచెడ్డలతో సంబంధం లేని విషయం. దాన్ని ఆధారం చేసుకుని లెక్క కడితే, కుర్చీ కుటుంబం వాళ్ళకు వెళ్ళిన చోట ఆస్తుల మీద వచ్చే లాభం కనీసం 4 శాతం పాయింట్లు పడిపోయింది. వేగంగా పెరుగుతున్న రంగాల్లో ఆ దెబ్బ ఇంకా ఎక్కువ.

డెన్మార్క్‌లో కూడా పెద్దకొడుకేనా అని ఆశ్చర్యపోయారా? నేనూ అలాగే ఆశ్చర్యపోయాను.

మీ మిల్లుకు వద్దాం. మర పట్టడం మాత్రమే మిల్లు నడపడం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. వడ్లలో తేమ 17 శాతం దాటిందో లేదో చూడాలి, నూక శాతం చూడాలి, తవుడు ఏ రోజు ఏ రేటుకు అమ్మాలో తేల్చుకోవాలి. సివిల్ సప్లైస్ వాళ్ళ వడ్లు మరపట్టి ఇచ్చే కస్టమ్ మిల్లింగులో క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి, అక్కడ ఒక కిలో తేడా వస్తే సీజను లాభం గల్లంతు. మనసు లేని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే మేనేజరు పక్కనే ఉన్నా నష్టమే, ఎందుకంటే నిర్ణయం చేయాల్సిన గంటలో కుర్చీలో మనిషి ఉండడు.

ఆస్తి వేరు, కుర్చీ వేరు అన్న తేడా పట్టుకుంటే మీ చిక్కు తీరుతుంది. కొడుకులిద్దరూ మిల్లుకు యజమానులుగా ఉండవచ్చు. నడిపేవాడు వేరే ఉండవచ్చు. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంగతే చూడండి. అంజిరెడ్డి గారు 1984లో పెట్టిన ఆ కంపెనీలో ఆయన తర్వాత కొడుకు సతీశ్ రెడ్డి, అల్లుడు జి.వి. ప్రసాద్ పగ్గాలు పట్టారు. 2019లో సీఈఓ కుర్చీలో ఎరెజ్ ఇజ్రాయెలీ అనే బయటి మనిషిని కూర్చోబెట్టారు. కుటుంబం బోర్డులోనే ఉంది, యాజమాన్యం ఎక్కడికీ పోలేదు. అంత పెద్ద ఇల్లే చేసినప్పుడు మీ మిల్లుకు చిన్నతనమేమీ లేదు.

పెద్దబ్బాయితో ఒకసారి మనసు విప్పి మాట్లాడండి. వచ్చే ఖరీఫ్ కొనుగోళ్ళన్నీ అతని నిర్ణయానికి వదిలి చూడండి, మీరు వేలు పెట్టకుండా. చేస్తే సంతోషం. "నాన్నా, నాకు వేరే పని చేసుకోవాలనుంది" అంటే దాన్ని కూడా మంచి కబురుగానే తీసుకోండి. మేనేజరుకు లాభంలో ఒక శాతం రాసివ్వండి. నోటిమాటగా వద్దు, కాగితం మీద.

గుంటూరు నుంచి:

"అన్నదమ్ములం ఇద్దరమే భాగస్వాములం. మిర్చి కమీషన్ వ్యాపారం. పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకున్నాం గానీ రిజిస్టరు చేయించలేదు. ఇబ్బందా?"

ఇబ్బందే. రిజిస్టరు కాని ఫర్మ్ తనకు రావాల్సిన బాకీ కోసం బయటివాడి మీద దావా వేయలేదు, 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డొస్తుంది. అరువు మీద నడిచే మీ వ్యాపారంలో అంతకన్నా ప్రమాదం ఏముంటుంది? రెండోది, మీలో ఒకరు పోతే ఫర్మ్ రద్దయిపోతుంది. వారసులు కొనసాగుతారని డీడ్‌లో రాసినా ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో అది నిలవడం కష్టం, మిగిలినవాడు తనతో తానే భాగస్వామి కాలేడు. మూడో మనిషిని చేర్చుకోండి. మీ భార్యల్లో ఎవరైనా సరే. ఈ నెలలోనే రిజిస్టరు చేయించండి.

పలాస నుంచి ముగ్గురు అన్నదమ్ముల్లో మధ్యవాడు:

"మాది జీడిపప్పు ఫ్యాక్టరీ. నాన్న పోయాక ముగ్గురం సమానంగా చూసుకుంటున్నాం. పెద్దన్న వదిన పేరు మీద లారీలు కొన్నాడు, ఫ్యాక్టరీ సరుకంతా వాటిలోనే పోవాలంటాడు, కిరాయి బజారు కన్నా ఎక్కువ. తమ్ముడు టిన్నుల యూనిట్ పెట్టాడు, టిన్నులన్నీ అక్కడే కొనాలి. నాకూ ఏదో ఒకటి పెట్టుకోమని మావాళ్ళు చెబుతున్నారు. నాన్న ఉన్నప్పటి లాభం ఇప్పుడు సగం కూడా లేదు. పప్పు రేటు పడిపోయిందంటారు అన్నయ్య."

బాబూ, పప్పు రేటు కథ ఒక్కటే అయితే మీ పక్క ఫ్యాక్టరీ లాభం కూడా సగానికి పడి ఉండాలి. కనుక్కోండి.

థాయ్‌లాండ్‌లో పెద్ద వ్యాపార కుటుంబాల వంశవృక్షాలు సేకరించి 2008లో నలుగురు ఆర్థికవేత్తలు ఒక పరిశోధన అచ్చువేశారు. వ్యాపారం పెట్టిన పెద్దాయన ఉన్నంతకాలం ఎంతమంది కొడుకులున్నా పెద్ద తేడా కనబడలేదు. ఆయన పోయాక మాత్రం వ్యాపారంలో ఉన్న కొడుకుల సంఖ్య పెరిగేకొద్దీ ఫలితాలు తగ్గుతూ పోయాయి. పెత్తనం ముక్కలైపోతుంది. ఎవరికి వారు ఉమ్మడి సొమ్ము తమవైపు లాక్కునే పోటీ మొదలవుతుంది. "అన్నయ్య తీసుకుంటున్నాడు, నేనెందుకు ఊరుకోవాలి" అన్న ఆలోచన వల్ల, ఒక్కొక్కరూ చెడ్డవాళ్ళు కాకపోయినా ముగ్గురూ కలిసి ఫ్యాక్టరీని పీల్చేస్తారు. మీకు కూడా ఏదో ఒకటి పెట్టుకోమని చెప్పేవాళ్ళ మాట వినకండి. మూడో గొట్టం మీరు కూడా పెడితే తాగడానికి ఏమీ మిగలదు.

ఇంటి సంస్థకూ ఉమ్మడి సంస్థకూ మధ్య లావాదేవీలు ఎంత దూరం పోగలవో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ బోర్డు, రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. వాటాదారులు తిరగబడితే గంటల వ్యవధిలో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఆయన రాసిన ఉత్తరంతో అసలు సంగతి బయటపడింది, పుస్తకాల్లో ఉన్నాయన్న వేల కోట్లు లేవని. ఆ లోటు పూడ్చడానికి చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలని ఆ ఉత్తరంలోనే ఉంది. మీ ఇంట్లో అలాంటి మోసమేదో ఉందని నేను అనడం లేదు. ఇంటి సంస్థతో బేరం చేసేటప్పుడు అవతల కూర్చుని "ఈ ధర ఎక్కువ" అనే మనిషి ఉండాలి అంటున్నాను.

ఆ మనిషిని మీరే కుదుర్చుకోవాలి. లారీ కిరాయికి, టిన్నులకు నెలకోసారి బయటి నుంచి మూడు కొటేషన్లు తెప్పించండి. అన్న లారీలు, తమ్ముడి టిన్నులు వాటిలో తక్కువ ధరకు ఇస్తేనే తీసుకోవాలని ముగ్గురూ రాసుకోండి. లావాదేవీలన్నీ ఏడాదికోసారి ఒక పట్టికగా ఆడిటరు ముగ్గురికీ చదివి వినిపించాలి. వదినగారినీ మరదలినీ ఆ రోజు కూర్చోబెట్టండి, వాళ్ళ ఇళ్ళ వ్యాపారాలు ఆ పట్టికలో ఉంటాయి కాబట్టి.

మీ జిల్లా వైపు నుంచే ఒక ఉదాహరణ ఉంది. రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ గ్రూపును గ్రంధి మల్లికార్జునరావు గారు విమానాశ్రయాల దాకా తీసుకెళ్ళారు. ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు వ్యాపారంలో ఉన్న ఇల్లు. పెద్దాయన బాగా ఉన్నప్పుడే బయటి నిపుణులను పెట్టుకుని కుటుంబ రాజ్యాంగం, అంటే వ్యాపారంలో ఇంటి వాళ్ళు పాటించాల్సిన కట్టుబాట్లు, రాసుకున్నారు. ధీరూభాయ్ అంబానీ 2002 జులైలో వీలునామా లేకుండా పోతే, అన్నదమ్ముల తగవు 2005 జూన్‌లో తల్లి కోకిలాబెన్ మధ్యవర్తిత్వంతో తేలింది. మూడేళ్ళు. మీ ఇంట్లో అమ్మగారు ఉన్నారని రాశారు కాబట్టి చెబుతున్నాను, ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ముగ్గురూ కూర్చోండి.

కాకినాడ నుంచి:

"నాకు ఒక్కతే అమ్మాయి. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాం. మా హార్డ్‌వేర్ కొట్లో కూర్చోబెట్టాను. కుర్రాడు మంచివాడే, చురుకైనవాడే. కానీ మా తమ్ముడి కొడుకులు, పాత గుమస్తాలు అతణ్ణి లెక్కచేయడం లేదు. ఏం చేయను?"

ఇల్లరికాన్ని మనవాళ్ళు చులకనగా మాట్లాడతారు, అది సరికాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1938లో ఆయన పోయాక దాన్ని నిలబెట్టింది అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు. అల్లుడి చేతికి రాకపోయి ఉంటే ఆ సీసా మన ఇళ్ళల్లో ఇన్నాళ్ళు ఉండేదో లేదో. జపానులో అయితే అల్లుణ్ణి దత్తత తీసుకుని ఇంటిపేరు ఇచ్చి వ్యాపారం అప్పగించడం పాత ఆచారం. మారుతి కార్లతో మనకు పరిచయమైన ఒసాము సుజుకి పుట్టింటి పేరు మత్సుద. సుజుకి వ్యవస్థాపకుడి మనవరాలిని పెళ్ళాడి ఆ ఇంటిపేరు తీసుకున్నారు, 1978లో కంపెనీ అధ్యక్షుడయ్యారు, దశాబ్దాల పాటు నడిపారు. అల్లుడికి ఒక సౌకర్యం ఉంది. కొడుకును ఎంచుకోలేం, అల్లుణ్ణి చూసి ఎంచుకోవచ్చు.

కాబట్టి అతనికి పని అప్పగించి, మీ గుమస్తాల ముందు అతని మాట మీరు కొట్టేయకుండా ఉండండి. చాలా కొట్లలో అల్లుడికి గౌరవం దక్కకపోవడానికి కారణం మామగారే. అతను చెప్పిన రేటును కస్టమరు ముందే ఆయన మార్చేస్తారు. ఆ అలవాటు మీకుంటే ఈ రోజే ఆపండి.

మీ ఉత్తరంలో ఇంకో సంగతి నన్ను పట్టేసింది. రెండు పేజీలు రాశారు, అల్లుడి చదువు, అతని తండ్రి వ్యాపారం అన్నీ చెప్పారు. అమ్మాయి ఏం చదివిందో, ఆమెకు కొట్టు మీద ఆసక్తి ఉందో లేదో ఒక్క ముక్క లేదు. ఆమెను అడిగారా? ప్రతాప్ సి. రెడ్డి గారికి నలుగురూ కూతుళ్ళే. 1983లో మద్రాసులో తెరిచిన అపోలో ఆసుపత్రిని ఆ నలుగురు కూతుళ్ళే పెద్ద పదవుల్లో ఉండి నడుపుతూ వచ్చారు. మీ అమ్మాయి వారానికి రెండు రోజులు వచ్చి స్టాకు చూసినా, ఆ కొట్లో అల్లుడి స్థానం గురించి ఎవరూ నోరెత్తరు.

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు:

"నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. అన్నయ్యతో కలిసి ఆయనకు సిమెంటు డీలర్‌షిప్ ఫర్మ్ ఉండేది, ఆయన స్వార్జితం. పెళ్ళప్పుడు కట్నం ఇచ్చాం కాబట్టి నీకేం రాదంటున్నాడు అన్నయ్య. నాకు కొట్లో కూర్చోవాలని లేదు. లెక్క మాత్రం తెలియాలి."

తెలియాల్సిందే. స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికి ఉంటే తల్లి సమానంగా పంచుకోవాలి. కట్నం ఇచ్చామన్నది దానికి జవాబు కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయినా కూతురికి హక్కుంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశం మొత్తానికన్నా ముందే 1986లో సవరణ తెచ్చి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళను సమాన వారసులను చేసింది. 2005లో కేంద్ర చట్టం వచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది.

ఫర్మ్ విషయంలో ఒక్క తేడా ఉంది. నాన్నగారి వాటా విలువలో మీ వంతు మీకు వస్తుంది గానీ భాగస్వామి హోదా దానంతట అదే రాదు. ఆయన పోయిన రోజు నాటికి లెక్క కట్టాలి. ఆ లెక్క తేల్చకుండా ఆయన డబ్బుతోనే అన్నగారు వ్యాపారం సాగిస్తుంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో, ఆ డబ్బు మీద వచ్చిన లాభంలో వాటా అయినా, ఏడాదికి 6 శాతం వడ్డీ అయినా కోరుకునే హక్కు వారసులకు ఉంది. ఏది లాభమో చూసి మీరే ఎంచుకోవచ్చు.

చెన్నై మురుగప్ప గ్రూపులో ఎం.వి. మురుగప్పన్ గారు పోయాక ఆయన పెద్ద కూతురు వల్లి అరుణాచలం కుటుంబ హోల్డింగ్ కంపెనీ బోర్డులో చోటు అడిగారు. 2020లో వాటాదారుల ఓటింగులో ఓడిపోయారు. 2023లో రాజీ కుదిరింది. అంత పేరున్న ఇంట్లోనే ఆడపిల్ల లెక్క అడగడానికి ఇంత కాలం పట్టింది. మీరు ఆలస్యం చేయకండి. ముందు అన్నగారికి మర్యాదగా ఒక ఉత్తరం రాసి, నాన్నగారు పోయిన తేదీ నాటి బ్యాలెన్స్ షీటు అడగండి. నెలలో రాకపోతే లాయరు ద్వారా నోటీసు.

డల్లాస్ నుంచి:

"తమ్ముడి రొయ్యల చెరువుల్లో నాది మూడో వంతు. నేను అక్కడ పనిచేయను. వాడు జీతం తీసుకుని మిగిలింది పంచుతాడు. న్యాయమేనా?"

న్యాయమే. చెరువు గట్టు మీద రాత్రుళ్ళు ఏరేటర్లు ఆగకుండా చూసేది అతను. అతని జీతం ఖర్చు కింద పోవాలి, మిగిలింది వాటాల ప్రకారం రావాలి. జీతం ఎంతో ఏడాది మొదట్లోనే ఇద్దరూ ఒప్పుకుని మెయిల్‌లో రాసుకోండి.

నెల్లూరు నుంచి ఒక గుమస్తా:

"పంతొమ్మిదేళ్ళుగా ఒకే కిరాణా హోల్‌సేల్ కొట్లో ఉన్నాను. నాతో కలిపి పదిహేను మందిమి. జీతం 22 వేలు. యజమాని గారి అబ్బాయి కాలేజీ అయిపోయి వచ్చి నా మీద కూర్చున్నాడు. బియ్యం రకాలు కూడా తెలియవు. ఇంటి వాళ్ళ వల్ల వ్యాపారం బాగుపడుతుందని మీరు రాస్తుంటే నాకు నవ్వొస్తోంది. మా సంగతేమిటి?"

మీ ప్రశ్న అన్నిటికన్నా ముందు రావాల్సింది. కుటుంబ వ్యాపారం దెబ్బతినే దారుల్లో ఇదొకటి, నేర్చిన మనిషి మీద నేర్చుకోని మనిషిని కూర్చోబెట్టడం. పైకి వెళ్ళే మెట్టు ఇంటిపేరుకే అని తెలిసిన రోజు, తెలివైన కుర్రాళ్ళు ఆ కొట్టుకు రావడం మానేస్తారు. ఈ పత్రిక మీ యజమానుల్లో ఎవరైనా చదువుతూ ఉంటే వాళ్ళకు నా మనవి: అబ్బాయిని ముందు రెండు మూడేళ్ళు వేరే వాళ్ళ దగ్గర పనికి పంపండి, జీతానికి. తర్వాత మీ కొట్లో గోడౌనులో మొదలుపెట్టించండి. పంతొమ్మిదేళ్ళు చేసిన మనిషి దగ్గర బియ్యం రకాలు నేర్చుకోమనండి. అతని సంతకం మీద సరుకు బయటికి వెళ్ళేలా చేయండి, ఆ కుర్రాడి సంతకం మీద కాదు.

ఇక మీకు చెప్పేది. పది మందీ, అంతకు మించీ పనిచేసే కొట్టు గ్రాట్యుటీ కింద వస్తుంది. ఐదేళ్ళు నిండిన మనిషికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన. మీరు రాసిన 22 వేలు బేసిక్, డీఏ కలిపిన జీతమే అయితే, 22 వేలను 26తో భాగించి, 15తో, 19తో గుణించండి. దాదాపు 2 లక్షల 41 వేలు. ఉద్యోగం మానేసినా, రిటైరైనా ఇది మీకు రావాల్సిన డబ్బు, యజమాని దయ కాదు. పీఎఫ్ ఏమైనా కడుతున్నారేమో, మీకు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఉంటే దానితో ఫోన్లోనే చూసుకోండి. మీరు చేరిన ఏడాది రుజువు చేసే కాగితం, పాత జీతం రసీదు, బ్యాంకు పాస్‌బుక్, ఏదైనా సరే, వెతికి ఒక కవర్లో పెట్టుకోండి. ఆ కుర్రాడితో గొడవ పెట్టుకోకండి. యజమాని గారి దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, జీతం పెంపు, హోదా రెండూ ఒకే కాగితం మీద రాసి అడగండి.